ఎటువైపు నుంచి వచ్చింది?

విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన 1992లోనే మా చెల్లి పుట్టింది. నాన్నది ప్లాంటులో ఉద్యోగం. ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగాం. 2001 వేసవిలో, తొమ్మిదేళ్ల వయసులో, చెల్లి రాత్రిపూట అయిదారుసార్లు లేవడం మొదలుపెట్టింది. చెంబులకొద్దీ నీళ్లు తాగేది. ఎండలు మండుతున్నాయి కదా అనుకున్నాం. నెల తిరక్కుండానే గౌన్లు వదులైపోయాయి. ఒక తెల్లవారుజామున వాంతులు, ఆయాసం పట్టుకున్నాయి. ఆస్పత్రికి చేరేసరికి పిలిస్తే పలకడం లేదు. నాకప్పుడు పన్నెండేళ్లు. వరండాలో బెంచీ మీద కూచుని, లోపల్నుంచి వచ్చే ప్రతి నర్సు ముఖంలోకీ చూస్తూ ఉండిపోయాను.

చెల్లి బతికింది. మూడో రోజున డాక్టరు అమ్మానాన్నల్ని కూచోబెట్టి, ఇది షుగరు వ్యాధి అనీ, పెద్దవాళ్లకొచ్చే రకం కాదనీ, ఇక జీవితమంతా ఇన్సులిన్ ఇంజక్షన్లు తప్పవనీ చెప్పాడు. అంతకుముందు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, 'మేనరికమా?' అని. కాదంది అమ్మ. ఇంటికొచ్చాక నాయనమ్మ అడగలేదు, తేల్చేసింది. 'మా ఇంటా వంటా లేదీ రోగం. నా అన్న కూతుర్ని చేసుకోరా అంటే విన్నాడు కాదు. బయటి సంబంధం తెచ్చుకుంటే ఇలాగే అవుద్ది.' డాక్టరు లెక్కలో మేనరికమైతే తప్పు, నాయనమ్మ లెక్కలో మేనరికం కాకపోవడం తప్పు. రెండు లెక్కల్లోనూ బోనులో నిలబడింది మాత్రం అమ్మే. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు మా ఇంటికొచ్చిన చుట్టాలంతా ఏదో ఒక రూపంలో ఆ ప్రశ్నే వేశారు. ఎటువైపు నుంచి వచ్చింది?

నేను పిహెచ్‌డి చేసింది సాహిత్యంలో. జన్యుశాస్త్రం నా రంగం కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ కొన్నేళ్లుగా వైద్యచరిత్ర చదువుతున్నాను. చదివేకొద్దీ నాకు అర్థమైందేమిటంటే, ఈ వ్యాధి వంశపారంపర్యం గురించి శాస్త్రవేత్తలు వేసుకున్న ప్రశ్నకూ మా నాయనమ్మ వేసిన ప్రశ్నకూ చాలాకాలం పెద్ద తేడా లేదు. ఆ తేడా ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందు మన భాష సంగతి. 'ఇంటా వంటా లేదు' అన్నప్పుడు ఆ ఇల్లు ఎవరిది? మా నాయనమ్మ నోట అది భర్త వంశం. ఆమె కూడా ఒకప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చిందే, కానీ ఆ మాట అనే హక్కు ఆమెకు అత్త అయ్యాకే దక్కింది. 'విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా' అంటాం. విత్తనం పురుషుడు, క్షేత్రం స్త్రీ అనే ఈ ఊహ మన ధర్మశాస్త్రాల నుంచి పొలంగట్టు మాటల దాకా ఎలా పాకిందో లీలా దూబే 1986లో ఒక వ్యాసంలో వివరంగా చర్చించారు. విత్తనం ఎవరిదైతే పంట వారిదే కాబట్టి పిల్లలు తండ్రి వంశానికి చెందుతారని ఈ వాదం సారం. మరి పంటకు తెగులు వస్తే? అప్పుడు మాత్రం నేల మంచిది కాదంటాం. ఫలితం విత్తనానికీ, దోషం నేలకీ!

మన పాత వైద్యగ్రంథాలు ఈ విషయంలో నాయనమ్మ కంటే నయం. సుశ్రుత సంహిత ప్రమేహాన్ని రెండు రకాలుగా విడదీసింది. ఒకటి తిండీ నడవడికా సరిగా లేక వచ్చేది, ఆ రోగి స్థూలంగా ఉంటాడు. రెండోది పుట్టుకతో సంక్రమించేది, ఆ రోగి చిక్కిపోయి దాహంతో బాధపడతాడు. ఈ రెండోదానికి సుశ్రుతుడు చెప్పిన కారణం తల్లిదండ్రులిద్దరి బీజదోషం. ఆనాటి వర్గీకరణా ఈనాటి వర్గీకరణా ఒకటేనని నేను అనడం లేదు. మన పూర్వులకు అన్నీ తెలుసని చెప్పుకోవడం నాకిష్టం లేదు. కానీ తల్లినీ తండ్రినీ ఒకే సమాసంలో నిలబెట్టిన ఆ ఒక్క మాట మన ఇళ్లలోకి ఎందుకు రాలేదన్నది ఆలోచించదగ్గ విషయం.

ఇక ఆధునిక వైద్యం. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. ఆ మరుసటి ఏడాదే, 1923లో, విశాఖపట్నంలో వైద్యకళాశాల మొదలైంది. అంతకుముందు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు నెలల్లోనో, ఒకటి రెండేళ్లలోనో చనిపోయేవారు. అందుకే వాళ్ల పిల్లలకు వస్తుందా అన్న ప్రశ్నకు తావే లేదు. ఇన్సులిన్ వచ్చాక ఆడపిల్లలు బతికారు, పెరిగారు, పెళ్లీడుకొచ్చారు. అప్పుడు మొదలైంది వాళ్లు పెళ్లి చేసుకోవచ్చా, పిల్లల్ని కనొచ్చా అన్న చర్చ.

ఈ చర్చ మధ్యలో నిలబడిన ఒక స్త్రీ కథ నన్ను బాగా ఆకట్టుకుంది. బోస్టన్‌లోని జోస్లిన్ క్లినిక్‌లో పనిచేసిన డాక్టర్ ప్రిసిల్లా వైట్. 1933లో ఆమె గ్రెగరీ పింకస్‌తో కలిసి మధుమేహ రోగుల కుటుంబ వృక్షాలు గీసి, ఈ వ్యాధి ఒకే ఒక అంతర్గత జన్యువు వల్ల వస్తుందని ప్రతిపాదించింది. (ఈ పింకస్ తర్వాతి కాలంలో గర్భనిరోధక మాత్ర తయారీతో ప్రసిద్ధుడయ్యాడు.) అది అమెరికాలో సుజనన వాదం బలంగా ఉన్న కాలం. 'పనికిరాని' వంశాలని ముద్రవేసి ఆడవాళ్లకు బలవంతంగా గర్భసంచి గొట్టాలు కత్తిరించడాన్ని 1927లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. అలాంటి రోజుల్లో ఒకే జన్యువు అన్న సిద్ధాంతం ఎటు దారితీస్తుందో ఊహించవచ్చు. ఆ లెక్క ప్రకారం మధుమేహమున్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే పిల్లలందరికీ ఆ గండం ఉన్నట్టే.

కానీ అదే ప్రిసిల్లా వైట్ మధుమేహమున్న గర్భిణీలను చేరదీసింది. ఆమె పని మొదలుపెట్టిన రోజుల్లో అలాంటి తల్లుల కడుపున పడ్డ బిడ్డల్లో దాదాపు సగం మంది దక్కేవారు కాదు. 1974లో ఆమె పదవీ విరమణ చేసేనాటికి పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. గర్భిణీలలో మధుమేహ తీవ్రతను అంచనా వేయడానికి ఆమె 1949లో చేసిన వర్గీకరణను ఆమె పేరుతోనే పిలుస్తారు. ఒక చేత్తో ప్రమాదం చూపే వంశవృక్షం గీసింది, రెండో చేత్తో ఆ వృక్షానికి కొత్త కొమ్మలు వేయించింది. ఆ రెండో పని వల్లనే మా చెల్లిలాంటి వాళ్లు ఈ రోజు తల్లులు కాగలుగుతున్నారు.

ఒకే జన్యువు అన్న లెక్క నిలవలేదు. అందుకు ఒక కారణం, చిన్నపిల్లలకొచ్చే వ్యాధినీ పెద్దవాళ్లకొచ్చేదాన్నీ ఒకే గంపలో వేసి లెక్కించడం. ఇన్సులిన్‌కు రోగులంతా ఒకేలా స్పందించరని, ఇవి రెండు రకాలని 1936లోనే హిమ్స్‌వర్త్ చూపించినా ఆ తేడా వైద్యంలో స్థిరపడటానికి దశాబ్దాలు పట్టింది. మధుమేహం జన్యుశాస్త్రవేత్తలకు పీడకల అని జేమ్స్ నీల్ వాపోయింది అందుకే.

చిక్కుముడి విడిపోవడం 1974లో మొదలైంది. పిల్లల్లో వచ్చే మధుమేహంలో క్లోమగ్రంథిని నాశనం చేసేది బయటి శత్రువు కాదని, శరీరపు సొంత రక్షణ వ్యవస్థేనని చెప్పే ఆధారాలు ఆ ఏడాది రెండు వైపుల నుంచి వచ్చాయి. లండన్‌లో బొటాజో, డెబొరా డోనియాక్ బృందం రోగుల రక్తంలో క్లోమ కణాలకు వ్యతిరేకంగా తయారైన ప్రతిరక్షకాలను చూపించింది. తన మీద తనే తిరగబడే రోగనిరోధక శక్తి అన్న భావననే వైద్యలోకం నమ్మని రోజుల్లో, 1956లో, థైరాయిడ్ జబ్బులో దాన్ని నిరూపించిన ముగ్గురిలో ఈ డోనియాక్ ఒకరు. అదే 1974లో డెన్మార్క్‌లో యోర్న్ నెరుప్ బృందం ఈ వ్యాధికీ హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపుకీ సంబంధం ఉందని ప్రకటించింది.

హెచ్‌ఎల్‌ఏ అంటే ఏమిటో ఉక్కునగరం పిల్లగా నాకు గేటు పాసు లెక్కన అర్థమైంది. ప్లాంటు గేటు దగ్గర జవాను పాసు చూడందే ఎవర్నీ లోపలికి వదలడు. శరీరంలోనూ అంతే. ప్రోటీన్ ముక్కల్ని రక్షణ కణాలకు పట్టి చూపించాలి. అలా పట్టి చూపే చెయ్యే హెచ్‌ఎల్‌ఏ. ఆ చేతి ఆకారాన్ని నిర్ణయించే జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఉంటాయి, మనిషి మనిషికీ మారతాయి. కొన్ని ఆకారాల చేతులు ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల పాసును ఎలా పట్టి చూపుతాయంటే, జవాను సొంత కార్మికుణ్ణే పరాయివాడనుకుని తుపాకీ ఎత్తుతాడు. 1987లో టాడ్, బెల్, మెక్‌డెవిట్ ఆ చేతిలో ఒకానొక చోట, 57వ స్థానంలో, ఏ అమైనో ఆమ్లం ఉందన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుందని చూపించారు. తర్వాత ఇన్సులిన్ జన్యువు పక్కనా, మరెన్నో చోట్లా ఇలాంటి తేడాలు దొరికాయి. ఇప్పటికి 60కి పైగా జన్యుస్థానాలు తెలుసు. అయినా వారసత్వంగా వచ్చే ప్రమాదంలో దాదాపు సగం హెచ్‌ఎల్‌ఏదే.

నా కథకు ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. యూరప్ జనాభాలో అత్యధిక ప్రమాదం కనిపించింది డీఆర్3, డీఆర్4 అనే రెండు రకాలు కలిసి ఉన్న పిల్లల్లో. ఆరో క్రోమోజోము ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. అంటే ఆ జోడీలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చాడు. అలా ఇచ్చిన అమ్మా నాన్నా సాధారణంగా నిక్షేపంగా ఉంటారు. ఈ రకాలున్న వాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడూ వ్యాధి రాదు. వ్యాధి వచ్చిన పిల్లల్లో పదిమందికి ఎనిమిది తొమ్మిది మంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఉండదు. కాబట్టి 'ఇంటా వంటా లేదు' అన్న నాయనమ్మ మాట అబద్ధం కాదు. దాన్నుంచి ఆమె తీసిన తీర్పే అబద్ధం.

ఇది చదివిన రోజు రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. 'రెండువైపుల నుంచీ వస్తుందమ్మా, సగం నాన్నది కూడా' అన్నాను ఉత్సాహంగా, కేసు గెలిచిన వకీలులా. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అయితే ఇప్పుడు మీ నాన్నని అనమంటావా?' అంది. నా దగ్గర జవాబు లేదు. అన్నేళ్లు నింద మోసిన మనిషికి నేను తీసుకెళ్లింది న్యాయం అనుకున్నాను. నింద దించుకునే వీలు వచ్చినా దాన్ని పక్కవాడి నెత్తిన పెట్టడానికి ఆమె సిద్ధంగా లేదు.

మేనరికం సంగతి కూడా చెప్పాలి, డాక్టరు మొదట అడిగింది అదే కాబట్టి. ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలపై తొలి జన్యు అధ్యయనాలు 1960ల మొదట్లో వచ్చాయి. 1957లో ఇంగ్లండ్ వదిలి భారతదేశానికి వచ్చేసిన జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి వాటిని చేశారు. మేనరికం వల్ల ప్రమాదం పెరిగే జబ్బులు నిజంగానే ఉన్నాయి. ఒకే అంతర్గత జన్యువు రెండువైపుల నుంచీ కలిస్తే వచ్చే తలసీమియా వంటివి అవి. టైప్ 1 మధుమేహం ఆ కోవలోది కాదు. పదుల జన్యుస్థానాలు, వాటికి తోడు ఇంకా పూర్తిగా తేలని బయటి కారణాలు కలిస్తేనే అది వస్తుంది. అచ్చుగుద్దినట్టు ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వచ్చి, ఏళ్లు గడిచినా రెండోవారికి రానివాళ్లు ఎందరో. ఫిన్లండ్‌లోనూ, సరిహద్దుకు అవతల రష్యా కరేలియాలోనూ పిల్లల్లో ప్రమాదకర హెచ్‌ఎల్‌ఏ రకాలు ఇంచుమించు ఒకేలా ఉన్నా, ఫిన్లండ్ వైపు వ్యాధి ఆరురెట్లు ఎక్కువని 2005లో తేలింది. జన్యువు తలుపు తీసి ఉంచుతుంది. లోపలికి ఎవరు వస్తారన్నది తలుపు చేతిలో లేదు.

మన దేశంలో ఈ పరిశోధన దారి కొంచెం వేరు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎన్.కె. మెహ్రా బృందం, ఉత్తర భారతీయ రోగుల్లో డీఆర్3 ప్రధానమనీ, అయితే దాని చుట్టూ ఉన్న జన్యువుల అమరిక యూరప్ వాళ్లకంటే భిన్నమనీ చూపించింది. పైగా మన దగ్గర చిన్నవయసులో, సన్నగా ఉన్నవాళ్లలో వచ్చే మధుమేహమంతా టైప్ 1 కాదు. క్లోమంలో రాళ్లు చేరి వచ్చే రకం దక్షిణాదిలో ఉంది. దాని వెనుక జన్యువులపై హైదరాబాద్ సిసిఎంబిలో గిరిరాజ్ చందక్ పనిచేశారు. సిసిఎంబి, పుణె కె.ఇ.ఎం. ఆస్పత్రి, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి 2020లో ఒక పరిశోధన ప్రచురించాయి. కొన్ని జన్యు గుర్తులను కూడి ఒక అంకె వేస్తే, భారతీయుల్లోనూ టైప్ 1ను టైప్ 2 నుంచి విడదీయడానికి అది పనికొస్తుందని వాళ్లు చూపించారు. ఏ రకమో తేలక తప్పుడు మందులతో గడిపే యువతీయువకులకు ఇది మేలుచేసే సంగతి.

ఆ 'అంకె' అన్న మాట చదివినప్పుడు మాత్రం నాకు చెల్లి పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. 2016, 17లలో వచ్చిన సంబంధాలన్నీ ఇన్సులిన్ మాట వినగానే వెనక్కిపోయాయి. దాచమన్నవాళ్లున్నారు, చెల్లి ఒప్పుకోలేదు. ఒక సంబంధం మాత్రం వాళ్లకు సంగతి చెప్పకముందే తనే తెంపేసింది. కాఫీ కప్పు పట్టుకున్న అబ్బాయి వేళ్ల కొసల మీద సూది గుర్తులు చూసింది. అలాంటివే తన వేళ్ల మీదా ఉన్నాయి. 'మీరు రోజుకెన్నిసార్లు చూసుకుంటారు?' అని మెల్లగా అడిగింది. అబ్బాయి తలదించుకున్నాడు. అతని తల్లి, 'మగపిల్లాడు కదమ్మా, అదేం పెద్ద విషయం' అంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 1984లో అమెరికాలో వారమ్, అతని సహచరులు టైప్ 1 ఉన్న తల్లుల పిల్లల్నీ, తండ్రుల పిల్లల్నీ పోల్చి చూశారు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి తల్లికి ఉంటే పిల్లలకు వచ్చింది నూటికి సుమారు ఒకరికి. తండ్రికి ఉంటే నూటికి ఆరుగురికి. తర్వాతి అధ్యయనాల్లో అంకెలు కొంత మారినా తేడా దిశ మారలేదు. తల్లి గర్భంలో ఉండగానే బిడ్డ రక్షణ వ్యవస్థకు ఏదో అలవాటు అవుతుందేమోనన్నది ఒక వివరణ. కారణం ఏదైనా, పెళ్లిసంతలో నడిచే లెక్క శాస్త్రపు లెక్కకు తలకిందులుగా ఉంది. ఎవరి వల్ల పిల్లలకు ప్రమాదం తక్కువో ఆమెను కాదంటారు. ఎవరి వల్ల ఎక్కువో అతనికి 'మగపిల్లాడు కదా' అని అక్షింతలు వేస్తారు. అయితే ఆ అబ్బాయినీ వద్దనాలని నా వాదన కాదు. నూటికి ఆరు అంటే తొంభైనలుగురికి రాదని అర్థం. అమ్మ నేర్పిన పాఠం నేను మర్చిపోలేదు.

భయం వేసేది ఇదే. జాతకాలు కలిపి చూసే చోట రేపు ఈ అంకె కూడా ఒక గ్రహంగా చేరితే? కుజదోషం లాగా జన్యుదోషం! అది మొదట అడిగేది ఎవరినో మనకు తెలుసు. అలాగని పరీక్షలే వద్దని నేను అనలేను. లక్షణాలు బయటపడకముందే ప్రతిరక్షకాలను రక్తంలో గుర్తించవచ్చు. అలా గుర్తించిన కొందరిలో వ్యాధిని సగటున రెండేళ్లు వెనక్కి నెట్టగల టెప్లిజుమాబ్ అనే మందుకు 2022 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. తెలుసుకోవడం వల్ల మేలు జరిగే రోజులు మొదలయ్యాయి. తెలిసిన సంగతి ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి మీద ప్రయోగిస్తారు అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

చెల్లి 2019లో తనతో పనిచేసే స్నేహితుణ్ణి పెళ్లి చేసుకుంది. 2021లో పాప పుట్టింది. పాపకు పరీక్ష చేయించాలా అని ఇద్దరూ చాలాసార్లు మాట్లాడుకున్నారు. ప్రస్తుతానికి వద్దనుకున్నారు. పాప రెండోసారి నీళ్లడిగితే చెల్లి చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గడం, నీరసం. ఈ నాలుగూ కనబడితే వేలికొసన ఒక్క చుక్క రక్తం చాలు. 2001లో మాకు అది తెలిసుంటే చెల్లి స్పృహ తప్పేదాకా వచ్చేది కాదు.

నాయనమ్మ ఇప్పుడు లేదు. నాన్న రిటైరయ్యాక అమ్మావాళ్లు గాజువాకలో ఉంటున్నారు. ఆమధ్య వాళ్ల వీధిలో ఒక ఏడేళ్ల బాబుకి ఇదే వ్యాధని తేలింది. అమ్మ వెళ్లింది. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో పెట్టాలని, బడి సంచిలో ఎప్పుడూ గ్లూకోజు బిళ్లలు ఉంచాలని ఆ తల్లికి చెప్పిందట. వచ్చేముందు ఆమె చెయ్యి పట్టుకుని, 'ఇక అందరూ వస్తారు, ఎటువైపు నుంచి వచ్చిందని అడుగుతారు. రెండువైపుల నుంచీ అని చెప్పు. చెప్పి, వాడికి అన్నం పెట్టే వేళయిందని లోపలికి వెళ్లిపో' అందట.